ముందు లెక్క, తర్వాతే రంపం



స్పీకర్ వైర్ల గురించి పోయినసారి రాసిన దగ్గర్నుంచీ మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: సబ్ వూఫర్ పెట్టె మనమే చేసుకోవచ్చా, ఎంత సైజు పెట్టించాలి అని. సత్తుపల్లి నుంచి ఒకాయన పన్నెండు అంగుళాల స్పీకర్ ముందే కొనేసి, పెట్టె కొలతలు మేస్త్రికి వదిలేశానని రాశారు. మేస్త్రి పనితనం మీద నాకు ఎంతో గౌరవం. కానీ పెట్టెలో ఎంత గాలి పట్టాలో చెప్పాల్సింది మేస్త్రి కాదు, ఆ స్పీకరే. ఈ ఉత్తరం ఆ ఒక్క సంగతి కోసమే రాస్తున్నాను.

మన ఊళ్లలో ఈ పని కొత్తదేమీ కాదు. పాత కారు స్పీకర్‌ని మట్టికుండ మూతి మీద బోర్లించి, టేప్ రికార్డర్ పెట్టి బేస్ రప్పించినవాళ్లు మీలోనే ఉంటారు. అది పిల్లచేష్ట కాదు, అందులో నిజమైన శాస్త్రం ఉంది. స్పీకర్ కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. కింది స్థాయి శబ్దానికి తరంగం చాలా పొడవు: 40 హెర్ట్జ్ దగ్గర ఎనిమిదిన్నర మీటర్లకు పైనే. అందుకని వెనక గాలి అంచు చుట్టూ తిరిగొచ్చి ముందు గాలిని చంపేస్తుంది. బల్ల మీద ఉత్త స్పీకర్ పెట్టి పాట వేస్తే గొంతు వినపడి దరువు మాయమయ్యేది ఇందుకే. కుండ ఆ వెనక గాలిని బంధించింది. పైగా గుండ్రటి మట్టిగోడ సులభంగా అదరదు. కుండతో వచ్చిన చిక్కల్లా ఒకటే, దాని ఘనపరిమాణాన్ని కుమ్మరి ఆ స్పీకర్ కోసం లెక్కగట్టలేదు.

ఆ లెక్క ప్రపంచానికి కూడా ఆలస్యంగానే దొరికింది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అన్ని వైపులా మూసేసిన చిన్న మూత పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగులా వాడుకుని, ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాలన్న నమ్మకం దాంతో సడలింది. 1961లో ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్, స్పీకర్ స్వభావాన్ని కొన్ని అంకెల్లోకి దించారు. మంచి కంపెనీ స్పీకర్‌తో ఇచ్చే కాగితంలో మీరు వెతకాల్సినవి మూడు: ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్. మొదటిది కోను దానంతట అది ఊగే పౌనఃపున్యం. రెండోది ఆ ఊపు ఎంత అదుపులో ఉందో చెబుతుంది. మూడోది కోనుని పట్టుకున్న అంచుకీ స్పైడర్ అనే మడతల గుడ్డకీ ఉన్న మెత్తదనం ఎన్ని లీటర్ల గాలికి సమానమో చెబుతుంది. ఈ కాగితం ఇవ్వని స్పీకర్‌ని వాట్లు చూసి కొనకండి. డబ్బా మీద అచ్చువేసిన వెయ్యి వాట్లతో పెట్టె కొలత రాదు.

ఒక ఉదాహరణ చేద్దాం. పన్నెండు అంగుళాల స్పీకర్, ఎఫ్ఎస్ 28 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.4, వీఏఎస్ 90 లీటర్లు అనుకోండి. మూత పెట్టెకి లక్ష్యంగా పెట్టుకునే అంకె 0.707ను క్యూటీఎస్ 0.4తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, అందులోంచి ఒకటి తీసేస్తే 2.12 వస్తుంది. 90ని దానితో భాగిస్తే 42 లీటర్లు. అదే పెట్టెలో ఉండాల్సిన నికరమైన గాలి. ఈ పెట్టెలో బేస్ సుమారు 50 హెర్ట్జ్ దాకా నిలబడి, అక్కణ్ణుంచి నెమ్మదిగా తగ్గుతుంది.

గాలి రాకపోకలకు గొట్టం పెట్టిన పెట్టె అయితే అదే స్పీకర్‌కి 85 లీటర్లు కావాలి, గొట్టాన్ని 28 హెర్ట్జ్‌కి శ్రుతి చేయాలి. మన షాపుల్లో దొరికే 110 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపు లోపలి వ్యాసం 104 దాకా ఉంటుంది. ఆ పైపు ఒకటి వేస్తే 30 సెంటీమీటర్ల పొడవు చాలు. పాట గట్టిగా పెట్టినప్పుడు ఒకే పైపులోంచి గాలి బుసకొడుతుంది కదా అని రెండు వేద్దామనుకుంటే, పొడవు రెట్టింపుతో ఆగదు. ఒక్కోటీ 69 సెంటీమీటర్లు కావాలి, అంత పైపు ఆ పెట్టెలో పట్టదు. పెట్టె పెద్దదైతే గొట్టం పొట్టిదవుతుంది, గొట్టం వెడల్పైతే పొడుగవుతుంది. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. అందుకే మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా మూత పెట్టే. అందులో కొలత నాలుగైదు లీటర్లు అటూఇటూ అయినా పాట పాడవదు. గొట్టం పెట్టెలో అదే తేడా చెవికి పట్టుబడుతుంది.

42 లీటర్లకు స్పీకర్ వెనక భాగం ఆక్రమించే చోటు, లోపల వేసే అడ్డకర్రల చోటు కలిపితే 47 అవుతుంది. లోపల ప్రతి వైపూ 36 సెంటీమీటర్లు ఉన్న ఘనానికి దాదాపు అంతే. 18 మిల్లీమీటర్ల చెక్కతో కొడితే బయటి కొలత 39.6. ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు వెడల్పులో ఇలాంటి పలకలు మూడు పడతాయి, రంపం తినే చెక్క పోనూ. ఒక పెట్టెకి షీటులో మూడో వంతు చాలు. కాబట్టి ఒక్క షీటులో రెండు పెట్టెలు వస్తాయి, స్పీకర్‌ని బిగించే ముందువైపు పలక రెండు మందాలు వేసుకున్నా సరే. ముందు పలక అలా రెండు మందాలుగా వేయించమనే నేనంటాను. మూల నుంచి మూలకు కొలత సరిగ్గా రావాలంటే టింబర్ డిపోలో కటింగ్ మిషన్ మీదే కోయించండి. చేతి రంపంతో అరసెంటీమీటరు వంకర వచ్చిందంటే, ఆ సందులోంచే గాలి పోతుంది.

చెక్క విషయంలో మన ఖమ్మం ప్రాంతపు వాతావరణాన్ని మరవకూడదు. పుస్తకాల్లో, వీడియోల్లో అందరూ ఎండీఎఫ్ అంటారు. అది బరువుగా, అదురు లేకుండా ఉంటుంది, నిజమే. కానీ 2024 సెప్టెంబరు 1న మున్నేరు వరద ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, 1986లో అయితే 75.6. నీళ్లు తాకిన ఎండీఎఫ్ ఉబ్బిపోతుంది, మళ్లీ మామూలవదు. వరద రాని ఇంట్లో కూడా శ్రావణంలో గాలి తడికి అంచులు పొంగుతాయి. అందుకని ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి, షాపువాళ్లు దాన్ని 710 ప్లై అంటేనే గుర్తుపడతారు. ఖరీదు ఎక్కువే. ఒకసారి పెడితే మీ పిల్లల దాకా ఉంటుంది. స్పీకర్ కూడా ఫోము అంచుది వద్దు, రబ్బరు అంచుది చూడండి. ఈ ఎండలకూ తేమకూ ఫోము పొడిపొడిగా రాలిపోతుంది.

అతుకులన్నిటికీ ఫెవికాల్ రాసి స్క్రూలు బిగించాక, లోపలి మూలల వెంబడి సిలికాన్ పట్టించండి. అది పూర్తిగా ఆరి వాసన పోయాకే స్పీకర్ బిగించాలి. స్పీకర్ కింద రబ్బరు వాషర్, స్క్రూలకు బదులు టీ-నట్లు వేయండి. లోపల నింపడానికి మామూలు పత్తి దూది వద్దు, తడి పీల్చుకుంటుంది. దిండ్లలో వాడే రెక్రాన్ వదులుగా నింపితే గాలి కొంచెం పెద్ద పెట్టెలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అన్నీ అయ్యాక కోనుని నాలుగు వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. తీరిగ్గా వెనక్కి వస్తే గాలి నిలిచినట్టే. తటాలున వస్తే ఎక్కడో సందుంది, వెతకండి. ఆంప్లిఫయర్ బోర్డు, అది కొత్త డిజిటల్‌దైనా 5200-1943 ట్రాన్సిస్టర్ల పాత రకమైనా, మూత పెట్టె లోపల పెట్టొద్దు. మే నెలలో గది వేడికి బోర్డు వేడి తోడైతే ఎక్కువకాలం బతకదు.

ఇక గది. ఇక్కడే చాలామంది డబ్బు వృథా అవుతుంది. మన ఇళ్లలో పన్నెండు బై పది గది, పది అడుగుల స్లాబు మామూలు. ఆ పొడవు 48 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. వెడల్పు, ఎత్తు రెండూ పదే కాబట్టి రెండూ కలిసి 57 దగ్గర మోగుతాయి. ఇటుక గోడ, గ్రానైట్ నేల ఆ మోతను పెద్దగా పీల్చుకోవు. పాటలో ఒక్క స్వరమే గుమ్మని లేచి మిగతావి నీరసంగా వినిపిస్తే తప్పు పెట్టెది కాదు. పెట్టెను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, మీరు గోడల వెంబడి వంగి నడవండి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే అదే పెట్టె చోటు. దీనికి పైసా ఖర్చు లేదు, ఖరీదైన వైర్లు మార్చడం కంటే ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. సబ్ వూఫర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర కట్ చేసి మొదలుపెట్టండి.

ఊరేగింపు డీజే బాక్సుల్లా మోగాలని అడిగినవాళ్లకు ఒక మాట. అవి ఆరుబయట దూరానికి కొట్టడానికి చేసినవి, ఇంటి గదికి పనికిరావు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చట్టం నిశ్శబ్దం కోరుతుంది. బేస్ గోడ దాటి పక్కింటి మంచందాకా పోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇంత శ్రమ ఎందుకంటే, మన నేల సంగీతం కోసం. మణుగూరు దగ్గరి కూనవరం వారు, 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య గారు డోలు కొడుతూ కోయ పూర్వీకుల కథలు పాడారు. అలాంటి డోలు రికార్డింగు ఫోన్‌లో వింటే చర్మం మీద పుల్ల చప్పుడే మిగులుతుంది. ఛాతీకి తగిలే సగం పోతుంది. ఆ సగం ఇంట్లో వినపడాలి.

చెక్క కొనకముందే నాకు రాయండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు, స్పీకర్ కాగితంలోని ఆ మూడు అంకెలు, ఈ ఆరూ ఉంటే చాలు. లెక్క కట్టి, షీటు మీద కోతల బొమ్మతో సహా వచ్చే ఉత్తరంలో ఇస్తాను. సత్తుపల్లి మిత్రుడు మాత్రం మేస్త్రిని వారం ఆగమనండి, మీ అంకెలే ముందు పంపండి.

ఇట్లు,
మీ ఖమ్మం మిత్రుడు