ఆనవాలు

మా సరుకు అందరి సరుకులాంటిది కాదు అని అందరూ ఒకే గొంతుతో చెబుతుంటే వినీ వినీ విసుగొస్తుంది. పళ్లపొడి మొదలు పట్టుచీరల దాకా అన్నీ భిన్నమైనవే! అమెరికాలో రోసర్ రీవ్స్ అనే ప్రకటనల పెద్దమనిషి 1961లో పుస్తకం రాసి మరీ, పోటీవాడు చెప్పలేని మాటొకటి ప్రతి సరుకూ చెప్పుకోవాలన్నాడు. వ్యాపారులు ఇప్పటికీ అదే జపం చేస్తున్నారు. ఈ జపంలో రెండు వేరువేరు సంగతులు కలగాపులగమయ్యాయి. తేడా సరుకులో ఉంటుంది, ఎందుకు కొనాలో చెబుతుంది. ఆనవాలు సరుకు మీద ఉంటుంది, ఇది ఫలానాదేనని చెబుతుంది. అశోకవనంలో రాముడి గుణగణాల వర్ణన హనుమంతుడి నోటిది. నమ్మకం కుదిర్చింది ఉంగరం.

బజారులోనూ అంతే. 2009లో అమెరికాలో ట్రాపికానా నారింజరసం అట్టపెట్టె మార్చారు. స్ట్రా గుచ్చిన నారింజపండు బొమ్మ తీసేసి గ్లాసుడు రసం బొమ్మ వేశారు. లోపలి రసం అదే. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయేసరికి, పాత పెట్టెనే మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. మరుసటి ఏడు ఆస్ట్రేలియా ఆచార్యుడు బైరన్ షార్ప్ తన పుస్తకంలో ఇదే వాదించాడు: చాలామంది తాము వాడే సరుకు ప్రత్యేకమైనదని అనుకోనే అనుకోరు, అయినా కొంటారు.

అయితే కొనేవాడు వెర్రివాడా, నాణ్యతకు విలువ లేదా అంటారేమో. నాణ్యత లేకపోతే ఆనవాలే కొంప ముంచుతుంది. ఒకసారి మోసపోయినవాడు ఆ రంగు కనబడగానే పక్కకు తప్పుకుంటాడు. మంచి అనుభవాన్ని మళ్లీ వెతికి పట్టుకోవడానికి కూడా ఆ రంగే దారి. సబ్బుబిళ్ల కొనే అరనిమిషంలో ఎవరూ పరిశోధన చేయరు, చేయనక్కర్లేదు కూడా. ఇంకా అనుమానముంటే నకిలీ సరుకు చేసేవాణ్ని చూడండి. మందులో ఏ దినుసు ఎంత పాళ్లో కనిపెట్టే శ్రమ వాడు పడడు. రంగు, సీసా, అక్షరాల వంపు ఎత్తుకుపోతాడు. పేరులో ఒక్క అక్షరం మారుస్తాడు. విలువ ఎక్కడుందో వాడికి బాగా తెలుసు. మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టానికీ తెలుసు కనకే, పేరుతో ఆగకుండా సరుకు ఆకారాన్నీ, ప్యాకింగునూ, రంగుల కలయికనూ గుర్తుల లెక్కలో వేసింది.

ఈ విద్యలో మనవాళ్లేం తీసిపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పికి మందులు ఎన్ని లేవు? కానీ ఆ పసుపుపచ్చ, ఆ చిన్న గాజుసీసా, మూత తీయగానే గదంతా పాకే ఆ ఘాటు! కళ్లు మూసుకున్నా పోల్చుకోవచ్చు. ఆ సీసా సంపాదనే 1908లో ఆంధ్రపత్రికకూ, 1924లో భారతి మాసపత్రికకూ ఊపిరి పోసింది. భారతిలోని శాసనాల చర్చలూ, ఛందస్సు తగాదాలూ చదివి తలపట్టుకున్నవాళ్లు మళ్లీ ఏ సీసా మూత తీసి ఉంటారో చెప్పనక్కర్లేదు.