పెనంలో పట్టేంత చేప

అమెరికాలో సరదాగా గాలం వేసేవారిని స్థూలంగా రెండు తెగలుగా విభజించవచ్చును. మొదటి తెగవారు చేపను జయించడానికి వెళతారు. రెండవ తెగవారు చేపతో కాసేపు పొద్దుపుచ్చడానికి వెళతారు. మొదటివారి చేప బాస్. దాని కోసం పత్రికలు ఉన్నవి, పందేలు ఉన్నవి, లక్షల డాలర్ల బహుమతులు ఉన్నవి. రెండవవారి చేపకు స్థిరమైన పేరైనా లేదు. దానిని వారు పాన్‌ఫిష్ అంటారు.

ఈ మాట జీవశాస్త్రం పెట్టినది కాదు, వంటిల్లు పెట్టినది. ముక్కలు కోయనవసరం లేకుండా పెనంలో నిండుగా పట్టే చేప అని దాని అర్థం. బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్, రెడ్‌ఇయర్, క్రాపీ, యెల్లో పెర్చ్ మొదలైనవన్నీ ఈ ఒక్క మాట కిందికే వస్తాయి. తెలుగు పల్లెల్లో చిన్నాచితకా చేపలన్నింటినీ కలిపి పరిగెలు అనేసినట్టే ఇది కూడా.

విచిత్రమేమిటంటే, బాస్ చేపకూ బ్లూగిల్‌కూ వంశం ఒక్కటే. రెండూ సన్‌ఫిష్ కుటుంబానికి చెందినవే. ఒకే ఇంట పుట్టిన దాయాదులలో ఒకడు జమీందారై పల్లకీ ఎక్కగా, మరొకడు అదే ఊళ్లో నాగలి పట్టినట్లయింది వీటి కథ.

జమీందారు వైభవం ఒక్కనాటిది కాదు. 1881లో జేమ్స్ హెన్షల్ అనే వైద్యుడు బాస్ చేప మీద ఏకంగా ఒక గ్రంథం రాసి, పౌరుషంలో దానికి సాటి రాగల చేప లేదని చాటాడు. అంతవరకు ట్రౌట్, సాల్మన్ చేపలకే దక్కుతూ వచ్చిన గౌరవం ఆ తరువాత బాస్‌కు కూడా దక్కసాగింది. 1967లో రే స్కాట్ అనే బీమా ఏజెంటు ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ సరస్సులో ఒక పెద్ద పోటీ నిర్వహించాడు; మరుసటి సంవత్సరమే బాస్ వేటగాళ్లకొక సంఘం స్థాపించాడు. 1971లో నెవాడాలోని మీడ్ సరస్సులో జరిగిన మొదటి బాస్‌మాస్టర్ క్లాసిక్ పోటీలో 24 మంది పాల్గొన్నారు. గెలిచిన బాబీ ముర్రేకు 10,000 డాలర్లు ముట్టాయి. ఆ మొదటి బహుమతి ఈనాడు 3,00,000 డాలర్లకు పెరిగింది. పోటీలో వాడే పడవకు 250 అశ్వశక్తుల ఇంజను ఉంటుంది. నీటి అడుగున చేప ఎక్కడ ఉన్నదో, ఎటు కదులుతున్నదో తెర మీద చూపే యంత్రాలు ఉంటాయి. సాయంకాలం వేదిక మీద, వేలాది ప్రేక్షకుల ఎదుట చేపలను తూకం వేస్తారు.

ఇందులో మేలు లేదనడం న్యాయం కాదు. పట్టిన చేపను చంపకుండా బ్రతికించి తిరిగి నీటిలో వదలాలని 1972 నుంచి ప్రచారం చేసింది ఈ పోటీలవారే. నేడు బాస్‌ను పట్టేవారిలో అత్యధికులు దానిని తినరు. తూచి, ఫొటో తీసుకొని వదిలేస్తారు. కానీ ఈ క్రమంలో ఒక మార్పు కూడా వచ్చింది. విశ్రాంతిగా మొదలైన వ్యాపకం క్రమంగా ఉద్యోగానికి దీటైనది అయింది. గంటలకు లెక్క వచ్చింది, ఔన్సులకు విలువ వచ్చింది. తెల్లవారుజామునుంచి వేలసార్లు గాలం విసిరి, ఒక్క చేపా పడక ఉత్త చేతులతో తిరిగివచ్చిన మనిషికి, ఆ రోజంతా తాను ఓడిపోయానన్న బాధే మిగులుతుంది. సూర్యోదయం చూశాననే తృప్తి మిగలదు.

రెండవ తెగవారి సరంజామా ఒక చేతిలో పడుతుంది. ఒక వెదురు గడ, రెండు బారల దారం, ఒక బెండు, చిన్న కొక్కెం, డబ్బాలో గుప్పెడు వానపాములో కీచురాళ్లో ఉంటే చాలును. పడవ అక్కరలేదు, గట్టు చాలును. బ్లూగిల్ నోరు చిన్నది కనుక కొక్కెం కూడా చిన్నదే కావాలి. బెండు ముందు వణుకుతుంది. తరువాత ఒక పక్కకు జారుతుంది. ఆ పైన చటుక్కున మునుగుతుంది. అరచేతి పాటి చేపే గాని, తన బల్లపరుపు దేహాన్ని నీటికి అడ్డంగా తిప్పి గుండ్రంగా చుట్టు తిరుగుతూ ఉంటే గడ విల్లులా వంగుతుంది. ఈ చేప బాస్ అంత పెరిగి ఉంటే దానిని గట్టుకు లాగగలవాడే ఉండడని పాతకాలపు వేటగాళ్లు సరదాగా చెప్పుకుంటారు. క్రాపీ తీరు మరొకటి. దాని మూతి కాగితంలా పలుచన. తొందరపడి లాగితే చిరిగిపోతుంది. అక్కడ బలానికి కాదు, నిదానానికి పని.

అన్నింటికంటె ముఖ్యమైనది, ఈ చేపలు మనిషిని ఎక్కువసేపు నిరీక్షించనీయవు. ఐదేళ్ల పిల్లవాడిని బాస్ వేటకు తీసుకుపోతే గంటలో విసుగెత్తి ఇంటికి పోదామంటాడు. బ్లూగిల్ ఉన్న చెరువు గట్టున కూర్చోబెడితే పావుగంటలో వాడి బెండు మునుగుతుంది. మొదటి చేప ముళ్లు గుచ్చుకొని ఏడ్చిన పిల్లవాడే రెండవ చేపకు మళ్లీ ఎర గుచ్చమని తాతను తొందరపెడతాడు. మోకాళ్లు సహకరించని వృద్ధుడికీ, పడవ కొనలేని కూలివాడికీ, ఆడుకునే వయసు పిల్లవాడికీ ఒకే గట్టు మీద చోటిచ్చే వేట ఇది. అక్కడ మాటలు సాగుతాయి. చేప పడినప్పుడు మాట ఆగుతుంది, మళ్లీ సాగుతుంది.

సాహిత్యంలో కూడా ఈ చిన్న చేపకు చోటు లేకపోలేదు. 1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ ప్రచురించిన గాలపు వేట గ్రంథం ట్రౌట్, సాల్మన్ చేపలతో తృప్తిపడక, అల్పమైన చిన్న చేపలకు సైతం పుటలు కేటాయించింది. 1849లో వెలువడిన తన నదీయాత్రా గ్రంథంలో హెన్రీ డేవిడ్ థోరో గూటికి కాపలా కాస్తున్న సన్‌ఫిష్‌ను వర్ణించాడు. అరగంటసేపు నీటిలో నిలబడి దానిని చేతితో నిమిరినా అది పారిపోలేదని రాశాడు. గాలం లేకుండా, చేతితో చేపను తాకిన ఆ మనిషికి ఏ తూకపు వేదికా అవసరం లేకపోయింది.

ఆ గూటి సంగతి తెలుసుకోదగినది. వేసవి మొదట్లో నీరు వెచ్చబడగానే మగ బ్లూగిల్‌లు లోతు తక్కువ చోట పక్కపక్కనే పళ్లెం వంటి గుంటలు తవ్వుకుంటాయి. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగచేప తిండి మానుకొని, తోకతో నీరు విసురుతూ, గుడ్లను కాచుకొని ఉంటుంది. దగ్గరకు వచ్చిన దేనినైనా తరుముతుంది. అందుకే ఆ రోజులలో గాలానికి సులభంగా చిక్కుతుంది.

ఇక్కడే పాన్‌ఫిష్ వేటగాడు కూడా తలవంచవలసిన సత్యం ఒకటి ఉన్నది. చిన్న చేప కదా, ఎంత పట్టినా తరగదులే అనుకొని అతడు బకెట్లు నింపుకుంటాడు. వాటిలోనూ పెద్దవాటినే ఏరుకుంటాడు. కెనడాలోని ఒపినికాన్ సరస్సులో బ్లూగిల్‌లను పరిశోధించిన శాస్త్రజ్ఞులు, గూడు కాచే మగచేప ఆ పనికి ఎదగడానికి దాదాపు ఏడేళ్లు పడుతుందని కనుగొన్నారు. రెండేళ్లకే ఈడేరి, గూళ్లలోకి దొంగతనంగా దూరే పొట్టి మగచేపలు కూడా ఉంటాయి. అవి గూడు కట్టవు, కాపలా కాయవు. పెద్ద మగచేపలను తుడిచిపెడితే, పోటీ లేని చెరువులో కుర్ర చేపలు పెరగడం మాని తొందరగా ఈడేరుతాయి. కొన్నేళ్లకు చెరువు నిండా చేపలే ఉంటాయి. పెనంలో వేయదగినది మాత్రం ఒక్కటీ ఉండదు. అందువల్లనే మిన్నెసోటా రాష్ట్రం కొన్ని సరస్సులలో రోజుకు 20 బ్లూగిల్‌ల పరిమితిని 10కి, మరికొన్నిచోట్ల 5కు కుదించింది.

అసలు ఈ రెండు చేపలనూ విడదీసి చూడటమే పొరపాటేమో! అలబామాలోని ఆబర్న్‌లో 1930 దశకం నుంచి రైతుల చెరువుల మీద పరిశోధనలు సాగించిన హోమర్ స్వింగిల్ తేల్చినది ఇదే. బ్లూగిల్ పురుగులను తిని పెరుగుతుంది. బ్లూగిల్ పిల్లలను తిని బాస్ పెరుగుతుంది. బాస్ లేని చెరువులో బ్లూగిల్‌లు మితిమీరి పెరిగి, తిండి చాలక గిడసబారిపోతాయి. బ్లూగిల్ లేని చెరువులో బాస్‌కు మేత కరువు. జమీందారు బ్రతుకు కూలివాని చేతిలో ఉన్నది; కూలివాని బాగు జమీందారు ఆకలిలో ఉన్నది.

దీనికి తార్కాణంగా ప్రపంచ రికార్డులే నిలుస్తాయి. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జి పెర్రీ అనే యువకుడు 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. ఆర్థిక మాంద్యపు రోజులు. కుటుంబ భారం అతని మీద ఉన్నది. తూకం వేయించి, చేపను ఇంటికి తీసుకుపోయాడు. ఇంటిల్లిపాదీ వండుకొని తిన్నారు. పందేల ప్రపంచం నేటికీ ఆరాధించే ఆ మహామత్స్యం చివరకు చేరినది వంటింటికే! 2009లో జపానులోని బివా సరస్సులో మనాబు కురిటా దాదాపు అంతే బరువున్న బాస్‌ను పట్టి ఆ రికార్డును సమం చేశాడు. అతడు గాలానికి గుచ్చిన ఎర బ్రతికి ఉన్న బ్లూగిల్.

ఆ బ్లూగిల్ అమెరికా నుంచి జపాను చేరిన కథ కూడా ఆలోచింపజేసేదే. 1960లో యువరాజు అకిహితో అమెరికా పర్యటనకు వచ్చినప్పుడు చికాగో మేయరు కొన్ని బ్లూగిల్‌లను కానుకగా ఇచ్చాడు. ఆహారానికి పనికివస్తాయన్న ఆశతో వాటిని జపానులో పెంచారు. అవి విస్తరించి అక్కడి స్వదేశీ చేపలకు ముప్పుగా పరిణమించాయి. 2007లో, చక్రవర్తిగా, అకిహితో ఆ పరిణామానికి బహిరంగంగా విచారం వెలిబుచ్చాడు. సొంత చెరువులో సాధువైన జీవి పరాయి చెరువులో దోపిడీదారు కావచ్చును. అల్పమైనదేదీ అల్పం కాదు. దాని చోటును బట్టి ఉంటుంది.

పాన్‌ఫిష్ ఆకర్షణ చివరకు దాని చిన్నతనంలో లేదు, దాని మితంలో ఉన్నది. బాస్ వేటగాడు నేటి చేప కంటె పెద్దది రేపు పడాలని కోరుకుంటాడు; ఆ కోరికకు తుది లేదు. పెనానికి మాత్రం అంచు ఉన్నది. నాలుగు చేపలు పడితే పెనం నిండుతుంది. ఆ నాలుగూ మధ్యరకంవి చూసి ఉంచుకొని, గూడు కాచే పెద్దదానిని మళ్లీ నీటిలోకి వదలగలిగినవాడు ఆ రెండు తెగల వివేకాన్నీ కలిపి నేర్చుకున్నవాడు. మొక్కజొన్న పిండి అద్ది వేయించిన ఆ నాలుగు చేపల చుట్టూ ఇంటివారందరూ కూర్చున్నప్పుడు ఎవరూ వాటి బరువు అడగరు. రేపు మళ్లీ ఎప్పుడు వెళదామని మాత్రం పిల్లవాడు అడుగుతాడు.