బ్రేకులో గాలి బుడగ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదక వర్గంలోని తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. ఇలాంటి పుస్తకాలలో పూర్వ విద్యార్థులు కష్టపడి చదవండి, పైకి రండి అని రాస్తారు. ఆ మాటలు ఉద్యోగాలలో స్థిరపడిన అన్నలు రాస్తేనే అందంగా ఉంటాయి. నేను ఈ సంవత్సరమే ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పూర్తి చేశాను. వయసు ఇరవై మూడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాణ్ణి నేనే, ఉద్యోగం మాత్రం ఇంకా రాలేదు. అందుకని నా చేతికి బాగా తెలిసిన ఒక పని గురించి రాస్తున్నాను. సైకిలు హైడ్రాలిక్ డిస్కు బ్రేకులో ఎయిర్ తీయడం ఆ పని.

నవ్వకండి తమ్ముళ్లూ. మనమందరం బ్రేకులు లేని సైకిళ్లు తొక్కినవాళ్లమే. మన హాస్టల్ గేటు నుంచి హైస్కూలు దాకా ఉన్న ఆ దిగుడు మీకు తెలుసు. వంట మామయ్య కూరగాయలకు వెళ్లే రాడ్డు బ్రేకుల సైకిలు అడిగి తీసుకొని, ముగ్గురం ఎక్కి, కింద మలుపు దగ్గర కుడికాలి చెప్పును చక్రానికి ఆనించి ఆపేవాళ్లం. ఎన్ని చెప్పులు అరిగాయో లెక్క లేదు. వర్షంలో అయితే రిమ్ము తడిసి, బ్రేకు రబ్బరు జారిపోయి, చెప్పు కూడా పనిచేసేది కాదు. అప్పుడు గోడే దిక్కు.

మా నాన్నకు ఒకప్పుడు మా ఊరి బస్టాపు దగ్గర అద్దె సైకిళ్ల షాపు ఉండేది. నేను పుట్టే నాటికే అది మూతపడింది. అందరికీ మోటారు సైకిళ్లు వచ్చేశాయి. నాన్న తాపీ పనికి వెళ్లడం మొదలుపెట్టాడు. కానీ పాత రేకుపెట్టె ఇంట్లోనే ఉంది. అందులో స్పానర్లు, పంచరు సొల్యూషను, ఆకురాయి. ఊళ్లో ఎవరి సైకిలు పాడైనా ఆదివారం మా అరుగు మీదికి వచ్చేది. ట్యూబులో గాలి కొట్టి, నీళ్ల బేసినులో కొంచెం కొంచెంగా ముంచి తిప్పుతూ, బుడగ ఎక్కడ లేస్తుందో చూడమని నాకు చెప్పేవాడు. చిన్న చిల్లయితే బుడగ ఆలస్యంగా వస్తుంది, ఓపిక పట్టాలి అనేవాడు. నాకు తెలిసిన మొదటి ప్రయోగం అదే. స్కూలు ప్రయోగశాల తర్వాత వచ్చింది.

విశాఖపట్నంలో ఎం.ఎస్సీ. చేరాక మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, పుస్తకాలు అన్నీ స్కాలర్‌షిప్పు డబ్బుతో సరిపోయేవి కావు. పైగా అది వచ్చినప్పుడే వచ్చేది. ఒక సైకిళ్ల షాపులో సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా పనికి కుదిరాను. నెలకు నాలుగున్నర వేలు. మన ఊళ్లలాంటి షాపు కాదు అది. అక్కడి సైకిళ్ల ధర మా ఇంటి ఏడాది ఆదాయం కంటే ఎక్కువ. వాటి మీద డాక్టర్లు, ఇంజనీర్లు తెల్లవారుజామున ఆర్.కె. బీచి నుంచి భీమిలి దాకా వెళ్లి వస్తారు. కొందరు సింహాచలం ఘాటు, ఇంకా గట్టివాళ్లు అరకు కూడా ఎక్కుతారు. ఎక్కడం వాళ్ల కాళ్ల పని. దిగడం మా బ్రేకుల పని.

ఆ సంగతి ఫోన్లో చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “నా చేతులు నల్లబడినాయి, నీవి నల్లబడకూడదనే కదరా నాలుగు అచ్చరాలు నేర్పించినాను. మళ్లీ ఆ గ్రీజులోకే ఎల్లినావా?” నా దగ్గర జవాబు లేదు. పని మానలేదు.

మొదటి వారం షాపు యజమాని నాకు విడిచిన బ్రేకు ఒకటి చేతికి ఇచ్చి చూసుకోమన్నాడు. లీవరులో చిన్న పిస్టను. అక్కడి నుంచి సన్నని పైపు. చక్రం దగ్గర కాలిపరు, దానిలో అటూ ఇటూ రెండు పెద్ద పిస్టన్లు, వాటి ముందు ప్యాడ్లు, మధ్యలో తిరిగే స్టీలు డిస్కు. పైపు నిండా నూనె. తీగ లేదు. చూడగానే హైస్కూల్లో సార్ బల్ల మీద చేత్తో కొడుతూ చెప్పించిన పాస్కల్ నియమం గుర్తొచ్చింది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. రెండు మార్కుల ప్రశ్న. హైడ్రాలిక్ జాకీ బొమ్మ ఎన్నిసార్లు గీశామో! జాకీని చూసినవాళ్లు మాత్రం మాలో ఒక్కరూ లేరు.

లెక్క ఇలా వేసి చూడండి. లీవరు పిస్టను వ్యాసం 10 మిల్లీమీటర్లు, కాలిపరు పిస్టను వ్యాసం 20 మిల్లీమీటర్లు అనుకుందాం. వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, కాబట్టి ఒక్కో పిస్టను మీద బలం కూడా నాలుగింతలు. కానీ ప్రకృతి దేన్నీ ఊరికే ఇవ్వదు. బలం పెరిగినంత మేరకు కదలిక తగ్గుతుంది. లీవరు పిస్టను కొద్ది మిల్లీమీటర్లు కదిలితే ప్యాడు కదిలేది మిల్లీమీటరులో భాగమే. ఆ కాస్త కదలికతోనే నిండు మనిషిని ఘాటు రోడ్డులో ఆపాలి. నూనెను నొక్కితే దాదాపుగా కుదించుకుపోదు. గాలి కుదించుకుపోతుంది. పైపులో ఒక చిన్న బుడగ ఉన్నా మన వేళ్ల శక్తి ఆ బుడగను నలపడానికే సరిపోతుంది. లీవరు మెత్తగా స్పాంజిలా లోపలికి వెళ్లిపోయి హ్యాండిలుకు ఆనేస్తుంది, సైకిలు మాత్రం ఆగదు. డ్రైవర్లు బ్రేకు ఎయిర్ పట్టింది అంటారే, అదే ఇది.

ఎయిర్ తీయడాన్ని ఇంగ్లీషులో బ్లీడింగ్ అంటారు. రక్తం కారడం అనే మాట నాకు మొదట వింతగా అనిపించింది. షిమానో బ్రేకు అయితే చక్రం తీసి, ప్యాడ్లు తీసి పక్కన పెట్టాలి. వాటికి నూనె చుక్క తగిలితే ఇక పట్టవు. పిస్టన్లు బయటికి రాకుండా మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. లీవరును నేలకు సమాంతరంగా తిప్పి, పైనున్న చిన్న మర తీసి గరాటు బిగించాలి. కింద కాలిపరు దగ్గర నూనె నింపిన సిరంజి తగిలించి, నిపులును కాస్తంత వదులు చేసి నెమ్మదిగా తోయాలి. కింది నుంచే ఎందుకంటే బుడగ స్వభావమే పైకి పోవడం, మనం దాని దారినే తోస్తున్నాం. పైపును స్క్రూడ్రైవరు పిడితో అక్కడక్కడ తడితే గోడకు అంటుకున్న బుడగలు కదులుతాయి. గరాటులో ఎర్రటి నూనెలోంచి ఒక్కొక్కటే పైకి తేలి పగులుతాయి. కొన్ని ఆవగింజంత కూడా ఉండవు. తర్వాత నిపులు బిగించి, లీవరు కొట్టుకుంటూ, హ్యాండిలును కొంచెం అటూ కొంచెం ఇటూ వంచాలి. ఇంకో రెండు తేలతాయి. లీవరు రాయిలా గట్టిపడితే పని అయినట్టు. తొందరపడేవాడికి ఈ పని రాదు.

ప్యాడు డిస్కుకు రాసుకుని కిచకిచమంటే అన్నిసార్లూ ఎయిర్ తీయనక్కర లేదు. కాలిపరు మరలు రెండూ కాస్త వదులు చేసి, లీవరు గట్టిగా పట్టుకొని, మరలు ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే కాలిపరు తనంత తానే మధ్యకు వస్తుంది. ఇంకొక సంగతి. మనకు ఏ సైకిలునైనా తలకిందులుగా నిలబెట్టి బాగుచేయడం అలవాటు. హైడ్రాలిక్ బ్రేకుల సైకిలును అలా పెడితే లీవరు దగ్గర నూనె తొట్టిలో ఉన్న కాస్త గాలి పైపులోకి దిగే ప్రమాదం ఉంది. షాపులో అందుకే స్టాండుకు వేలాడదీస్తాం.

ఇక నూనె విషయం. షిమానో, టెక్ట్రో, మగూరా బ్రేకులకు మినరల్ ఆయిలు. హోప్, హేస్, శ్రామ్ పాత మోడళ్లకు డాట్ ఫ్లూయిడ్. ఒకదానికి పోయాల్సింది రెండోదానికి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఒకాయన వచ్చాడు. మర్నాడు అరకు ప్రయాణం, రానూ పోనూ రెండు వందల ముప్పై కిలోమీటర్ల మాట. ముందు లీవరు నొక్కితే వెనక్కి రావడం లేదు, ఎయిర్ తీసి ఇచ్చేయమన్నాడు. బ్రేకు మినరల్ ఆయిలుదే. కానీ గరాటులోకి వచ్చినది ఎర్రగా లేదు, లేత పసుపు. లీవరు కింద ఫ్రేము రంగు పొక్కి లేచి ఉంది. అనుమానం వచ్చి టీ గ్లాసులో నీళ్లు తెచ్చి నాలుగు చుక్కలు వేశాను. మినరల్ ఆయిలు అయితే పైన తేలాలి. ఇది నీళ్లలో కలిసిపోయింది. ఎక్కడో ఎవరో కారుకు పోసే బ్రేకు ఆయిలు పోసేశారన్నమాట.

ముందు బ్రేకు మొత్తం మార్చాలి, ఆ సామాను షాపులో లేదు, ఈ సైకిలు మీద ఘాటు దిగకూడదు అని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. ఊరికే ఎయిర్ తీసేదానికి ఇంత కథ ఎందుకు, నీకేం తెలుసు అన్నాడు. టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, సీళ్లు ఎందుకు ఉబ్బుతాయో చెప్పాను. వరసగా బ్రేకు పట్టుకునే దిగుడులో డిస్కు ముట్టుకుంటే వేలు కాలేంత వేడెక్కుతుంది, ఆ వేడిలో చెడిన సీలు ఎప్పుడు వదిలేస్తుందో చెప్పలేం అన్నాను. షాపు యజమాని నా పక్కనే నిలబడ్డాడు. ఆయన ఆ శనివారం అరకు వెళ్లలేదు. పది రోజులకు సామాను వచ్చాక బిగించి ఇచ్చాను. డబ్బులిస్తూ ఏం చదువుతున్నావు బాబూ అని అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా నన్నే పిలిచేవాడు.

నాన్న కంటి పరీక్షకు విశాఖ వచ్చినప్పుడు షాపుకు తీసుకువెళ్లాను. రానన్నాడు కానీ వచ్చాడు. ఒక స్టూలు మీద కూర్చొని గంటసేపు ఏమీ మాట్లాడకుండా చూశాడు. చివరికి లేచి వచ్చి, “ఏటిరా ఇది, తీగ లేదు, రాడ్డు లేదు, మరేటి లాగుతాది?” అన్నాడు. లాగదు నాన్నా, తోస్తుంది అని చెప్పి గరాటు దగ్గరకు రమ్మన్నాను. బుడగలు తేలుతున్నాయి. కళ్లజోడు లేని కళ్లతో దగ్గరకు వంగి చూసి, “పంచరు బుడగే కదరా! అక్కడ బయటికొచ్చి చిల్లు సెప్తాది, ఇక్కడ లోపలుండి దొంగాట ఆడతాది” అన్నాడు. పుస్తకాలలో ఇంత సూటిగా ఎవరూ రాయలేదు. పోయేటప్పుడు నా వేళ్లు పట్టుకొని చూసి, సబ్బు కాదు, కొబ్బరినూనె రాసి తుడుచుకోవాలి అన్నాడు. ఉద్యోగం వచ్చాక ఈ పని మానెయ్యాలి అని కూడా అన్నాడు. ఆ విషయంలో మేమిద్దరం ఇంకా ఒక మాట మీదికి రాలేదు.

మన హాస్టల్లో ఇప్పుడు ఉన్న సైకిళ్లన్నీ తీగ బ్రేకులవే అని విన్నాను. వాటికి నూనె గొడవ లేదు. రబ్బరు మీది గాళ్లు అరిగి నున్నబడితే మార్చాలి. తీగ పోగు ఒక్కటి తెగి బయటికి పొడుచుకొచ్చినా తీగ మొత్తం మార్చాలి, మిగతా పోగులు ఎక్కువ రోజులు ఆగవు. రిమ్ముకు గ్రీజు తగలనివ్వకండి. సంక్రాంతి సెలవులకు ముందు రెండు రోజులు నేను హాస్టల్‌కు వస్తాను, వార్డెన్ గారికి చెప్పాను. నాన్న రేకుపెట్టె తెస్తాను. సైకిళ్లున్నవాళ్లు వరండాలో వరసగా పెట్టండి. పాత ట్యూబులుంటే పారేయకండి, మాసికలకు పనికొస్తాయి.