వేషం మార్చే రోజు

క్లాసులో ఐదుగురం రాత్రి పది దాటాక ఫోన్లు పట్టుకుని ఆల్బియన్ ఆన్‌లైన్ ఆడతాం. అందులో నేను హీలర్‌ని. మొదటి రోజు ఎవరో "మే, నువ్వు హీలింగ్ చూసుకో" అన్నారు, నేను సరే అన్నాను. అంతే, నాలుగు నెలలు అదే పని. యుద్ధం ఎట్లా ఉందో చూసింది తక్కువ. మిగతా నలుగురి ప్రాణం గీతలు తగ్గుతున్నాయా అని చూడటమే నా ఆట.

చాలా ఆటల్లో క్యారెక్టర్ తయారు చేసేటప్పుడే తేల్చుకోవాలి: ముందు నిలబడి దెబ్బలు కాసే ట్యాంకా, ప్రాణం పోసే హీలరా, శత్రువుని కొట్టే డ్యామేజా అని. 2017లో వచ్చిన ఆల్బియన్‌లో ఆ గొడవ లేదు. చేతిలో ఏ ఆయుధం, ఒంటి మీద ఏ కవచం ఉంటే మనం అదే. హోలీ స్టాఫ్ పక్కన పెట్టి మేస్ పట్టుకుంటే నేనూ ట్యాంకే.

మరి ఎందుకు పట్టుకోలేదు? కిటుకంతా డెస్టినీ బోర్డులో ఉంది. ఏ ఆయుధం వాడితే అందులోనే అనుభవం పెరుగుతుంది. నా హోలీ స్టాఫ్ పైపైకి పోయింది, మిగతావన్నీ మొదటి మెట్టు మీదే. బాగా చేస్తానని నాకే ఇస్తారు. నాకే ఇస్తారు కాబట్టి ఇంకా బాగా చేస్తాను.

మా ప్రాజెక్ట్ బ్యాచ్ కూడా ఈ ఐదుగురమే. ఒకసారి నా రిపోర్టు బాగుందన్నారు. అప్పట్నుంచి రిపోర్టు, పీపీటీ నావే. మాక్ ఇంటర్వ్యూలో "ఇందులో నువ్వు రాసిన కోడ్ ఏదమ్మా?" అని అడిగితే నోట మాట రాలేదు.

ఆ వారమే మా తిరుపతిలో గంగమ్మ జాతర. బైరాగి, బండ, తోటి, దొర... రోజుకో వేషం. నిన్నటి రంగు కడుక్కుని ఈరోజు కొత్తది వేసుకుంటారు. దాక్కున్న పాలెగాడి కోసం గంగమ్మ వేషాలు మారుస్తూ వెతికిందనీ, దొర వేషంలో వచ్చినప్పుడే వాడు బయటికొచ్చాడనీ అవ్వ చెప్తుంది. చిన్నప్పట్నుంచీ విన్న కథే. ఈసారి నా గురించే చెప్తున్నట్టు అనిపించింది.

ఆ రాత్రి "ఈరోజు నేను ట్యాంక్" అన్నాను. "నీ మేస్ లెవెల్ ఏంది మే, అందరం చస్తాం!" అన్నారు. నిజమే. నా కోసం చిన్న డంజియన్‌కి దిగొచ్చారు, అక్కడా మూడుసార్లు చచ్చాం. మొదటిసారి హోలీ స్టాఫ్ పట్టినవాడు మాత్రం, "ఒకర్ని చూసేలోపల ఇంకొకడు పోతా ఉండాడు. ఇన్నాళ్లు ఎట్లా చూసినావు మే?" అన్నాడు. నాలుగు నెలల్లో నా పని గురించి ఎవరైనా అడగడం అదే మొదలు.

2012లో గిల్డ్ వార్స్ 2 అసలు ప్రత్యేకంగా హీలరే అక్కర్లేకుండా చేద్దామనుకుంది. అందరికీ సొంత హీలింగ్ స్కిల్ ఇచ్చింది. పడిపోయినవాణ్ని ఎవరైనా లేపొచ్చు అంది. 2015లో రెయిడ్లు వచ్చాక మళ్లీ హీలర్లు కావాల్సి వచ్చారు. పాత్ర తీసేసినా పని పోదు, ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ ఒకరు ఎప్పుడూ ఒకరే కాకూడదు, అంతే.

ఇప్పుడు ప్రాజెక్ట్‌లో లాగిన్ మాడ్యూల్ నాది, రిపోర్టు వాడిది. నిన్న అర్ధరాత్రి ఫోన్ చేసి పేజీ నంబర్లు ఎట్లా పెట్టాలో అడిగాడు. చెప్పాను. పెట్టేసేలోపు నేనూ అడిగాను: "రేయ్, ఈ ఎర్రర్ ఏందో కొంచెం చూడు."