జీపుల ఊరు మండీ డబ్వాలీ

హర్యానాలోని సిర్సా జిల్లా కొసన, పంజాబును ఆనుకొని మండీ డబ్వాలీ అనే పట్టణమున్నది. రాష్ట్రాల సరిహద్దు దాదాపు బజారు మధ్యగానే సాగుతుంది. ఇవతల హర్యానా, అవతల పంజాబుకు చెందిన కిలియాంవాలీ. పత్తి, గోధుమ పండే నేల. ‘మండీ’ అన్న మాట ధాన్యపు విపణిని సూచించినా, ఉత్తర భారతంలో ఈ ఊరికి పేరు తెచ్చింది ధాన్యం కాదు, జీపులు. సైన్యం వేలంలో అమ్మివేసిన పాత బండ్లను విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించే పనివారు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. రహదారి వెంట వరుసగా షెడ్లు, వాటి ముందు పైకప్పు లేని జీపులు బారులు తీరి కనిపిస్తాయి.

మా మేనల్లునికి పాత జీపులంటే అమితమైన మక్కువ. రెండేళ్ళ జీతంలో మిగిల్చిన సొమ్ముతో ఒకటి కొనాలని సంకల్పించి, పెద్దవాడొకడు వెంట ఉండాలని నన్ను తోడు రమ్మన్నాడు. లూధియానాలో రైలు దిగి, మలేర్‌కోట్లలో జుహర్ నమాజు చేసుకొని, బర్నాలా, బఠిండాల మీదుగా డబ్వాలీ చేరుకున్నాము.

లూధియానాకూ భారతదేశపు జీపుకూ ఒక సంబంధమున్నది. 1945లో ఆ నగరంలో మహీంద్రా సోదరులు, మలిక్ గులాం ముహమ్మద్ కలిసి ఒక ఉక్కు వ్యాపార సంస్థను స్థాపించారు. దాని పేరు ‘మహీంద్రా అండ్ ముహమ్మద్’. దేశ విభజన తరువాత గులాం ముహమ్మద్ పాకిస్తాన్‌కు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1951 నుండి 1955 వరకు అక్కడ గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. 1940వ దశకం చివరలో అమెరికా నుండి విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించినది ఈ సంస్థే. మన జిల్లాలలో తహసీల్దారు వచ్చినా, అటవీ అధికారి వచ్చినా, ఎన్నికల ప్రచారం వచ్చినా ఊరి పిల్లలు వెంట పరుగెత్తిన ఆ జీపుల మూలం అక్కడ ఉన్నది.

జీపు పుట్టుక యుద్ధంలో జరిగింది. 1940లో అమెరికా సైన్యం 49 రోజుల గడువు పెట్టి ఒక తేలికపాటి బండి నమూనాను కోరగా, బాంటమ్ అనే చిన్న సంస్థ దానిని సకాలంలో అప్పగించింది. కానీ పెద్ద సంఖ్యలో తయారుచేసే అవకాశం విల్లీస్, ఫోర్డ్ సంస్థలకు దక్కింది. యుద్ధం ముగిసేనాటికి ఆ రెండూ కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులు తయారుచేశాయి.

డబ్వాలీలో మేము మొదట చూసిన జీపు అద్దంలా మెరుస్తున్నది. ఆకుపచ్చ రంగు, బానెట్ మీద తెల్లని నక్షత్రం, వెడల్పాటి టైర్లు. మా వాడు చూపు తిప్పుకోలేకపోయాడు. ఆ షెడ్డు పెద్దను అందరూ ‘ఉస్తాద్’ అని పిలుస్తున్నారు. మదరసాలో నన్ను పిలిచే మాటా అదే గనుక నాకు నవ్వు వచ్చింది. ఆయన మాత్రం దాపరికం లేకుండా చెప్పారు: “మౌల్వీ సాబ్, దీని రేకంతా కొత్తది, మేము కొట్టినదే. ఇంజను వేరే బండిది. తమరి అబ్బాయికి తిరగడానికి కావాలా, పాతది దాచుకోవడానికి కావాలా, ముందు అది తేల్చుకోమనండి.”

అటుపిమ్మట ఆయన మమ్మల్ని షెడ్డు వెనుకకు తీసుకొనిపోయి, తుప్పు పట్టిన ఒక జీపు ముందు నిలబెట్టి పాఠం చెప్పారు. యుద్ధకాలపు విల్లీస్ ముందు గ్రిల్‌లో 9 నిలువు చీలికలుంటాయి. యుద్ధానంతరం పౌరుల కోసం వచ్చిన నమూనాలో 7 ఉంటాయి. ఫోర్డ్ తయారుచేసిన జీపులలో బోల్టుల తలల మీద సైతం ‘ఎఫ్’ అక్షరం అచ్చువేసి ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే సీజే-3బీ నమూనాకు బానెట్ ఎత్తుగా ఉంటుంది, లోపలి ఇంజను పొడవైనది కావడమే దానికి కారణం. అమెరికాలో 1968లో ఆగిపోయిన ఆ నమూనా వారసత్వం మన దేశంలో ఆ తరువాత కూడా కొన్ని దశాబ్దాలు కొనసాగింది. “రంగు చివర చూడాలి. మొదట ఛాసిస్ మీది నంబరు, తరువాత ఇంజను నంబరు, ఆ తరువాత ఆర్‌సీ. మూడూ ఒకే మాట చెప్పాలి” అన్నారు ఉస్తాద్.

ఆ మాటను చట్టం కూడా సమర్థిస్తున్నది. తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక స్వరూపానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని బండికి ‘వీఏ’ అక్షరాలతో కూడిన నంబరు లభిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. అటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు నడుపుకోవచ్చునే గాని, రోజువారీ ప్రయాణానికి గాని కిరాయికి గాని వాడరాదు. మెరిసే జీపు కొని, కాగితాలు సరిపోక దానిని ఇంటి ముందు నిలిపివేయవలసి వస్తే, ఆ నష్టం ఒక్క కుర్రవానిది కాదు, ఇంటిల్లిపాదిది.

ఫిఖహ్‌లో క్రయవిక్రయాల అధ్యాయం బోధించేటప్పుడు, సరుకులోని లోపాన్ని అమ్మేవాడు దాచరాదనీ, దాచినట్లు తేలితే కొన్నవానికి తిరిగి ఇచ్చివేసే హక్కున్నదనీ విద్యార్థులకు చెబుతుంటాను. గుర్రాలు, ఒంటెల ఉదాహరణలతో చెప్పే ఆ పాఠం జీపుకు ఎంతగా అతుకుతుందో డబ్వాలీలో కళ్ళారా చూశాను. కొత్త రేకుతో జీపు తయారుచేయడంలో తప్పు లేదు. దానిని పాతదని చెప్పడంలో తప్పున్నది. ఆ ఉస్తాద్ ఒక అమ్మకం పోగొట్టుకొని కూడా నిజమే చెప్పారు.

మా మేనల్లుడు చాలాసేపు ఆలోచించి, “మామూ, నాకు కావలసింది వెనుక ఉన్నదే. కానీ దాని కాగితాలు పూర్తిగా లేవట” అన్నాడు. కొనకుండానే తిరుగు ప్రయాణమయ్యాము. ఇప్పుడు మన ప్రాంతంలోనే, కాగితాలు సక్రమంగా ఉన్న పాత సీజే-3బీ కోసం వెదుకుతున్నాడు. దొరికితే సెలవు రోజులలో తన చేతులతోనే బాగుచేసుకుంటానంటున్నాడు.

మన ఇళ్ళలో ఇటువంటి అభిరుచి గల యువకులుంటే, దుబారా అంటూ మొదటనే కొట్టిపారేయవద్దు. ఇంటి అవసరాలు తీరాక మిగిలిన సొమ్ముతో, చేతిపని నేర్చుకుంటూ చేసే వ్యాపకమైతే అందులో మేలున్నది. బేరమాడే రోజున మాత్రం పెద్దలు వెంట వెళ్ళి, రంగును కాక నంబర్లను చూడమనండి.