స్క్రూడ్రైవరు నీకెందుకే?

మోటారు వేసి పోపు పెట్టే పనిలో పడితే టాంకు సంగతి గుర్తుండేది ఏ ఇల్లాలికండీ? మా ఇంట్లో అయితే వారానికి రెండుసార్లైనా పొర్లిపోయేది. ఒకరోజు ఆ నీళ్లు జారి, పక్కింటి పిన్నిగారు మంచం మీద ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు గానీ, నాకే తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి, "అమ్మా, సంతకం పెట్టవా? రోజూ స్కూలయ్యాక గంటసేపు ల్యాబులో ఉంటాను" అంది. వాళ్ల హైస్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబు ఉంది. నీతి ఆయోగ్ వారు 2016లో మొదలుపెట్టిన పథకమిది. ఎంపికైన స్కూలుకి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చారు. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు పనిముట్లు చేతబట్టి, తామే వస్తువులు తయారుచేస్తూ నేర్చుకోవాలని ఉద్దేశం.

"వచ్చే ఏడు పదో తరగతి! అయినా ఆడపిల్లవి, స్క్రూడ్రైవరు నీకెందుకే?" అనేశాను.

అన్నాక గతుక్కుమన్నాను. ఆ మాట నాది కాదు. నేనూ తొమ్మిదో తరగతిలో ఉండగా, టేప్ రికార్డరు పాటని సాగదీస్తోందని మూత విప్పి చూశాను. మా నాన్నగారు సరిగ్గా ఇదే మాట అని, స్క్రూడ్రైవరు లాక్కుని అన్నయ్య చేతిలో పెట్టారు. ఈనాటికీ మా ఇంట్లో ఫ్యూజు పోతే కొవ్వొత్తి పట్టుకుని నిలబడడమే నా వంతు!

మారు మాట్లాడకుండా సంతకం పెట్టేశాను.

మొదటి వారం ఏం నేర్చుకున్నావంటే, "చిన్న ఎల్‌ఇడి బల్బు కాల్చేశానమ్మా!" అంది నవ్వుతూ. మధ్యలో రెసిస్టరు పెట్టకుండా 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపిందట. మాస్టారు తిట్టలేదట. ఎందుకు కాలిందో రాసుకు రమ్మన్నారట. అయితే ఒక నియమం మాత్రం గట్టిగా చెప్పారట. బ్యాటరీతోనే ప్రయోగాలు, ఇంటి కరెంటు జోలికి వెళ్లకూడదని.

రెండు నెలలు తిరిగేసరికి మా టాంకుకి అలారం తయారుచేసింది. టాంకు పైభాగాన రెండు రాగి తీగలు దగ్గర దగ్గరగా వేలాడదీసింది. నీళ్లు ఆ రెంటినీ తాకగానే వాటి గుండా కొద్దిపాటి కరెంటు పారుతుంది. అది బజరుని మోగించడానికి చాలదు కాబట్టి మధ్యలో ట్రాన్సిస్టరు. "కుళాయి లాంటిదమ్మా! నువ్వు వేలితో కాస్త తిప్పితే పైపులో నీళ్లన్నీ వచ్చేస్తాయి కదా, అలాగే" అని చెప్పింది. ఎంత తేలిగ్గా అర్థమైందో!

కొన్నాళ్లు బాగానే మోగింది. తర్వాత ఒకరోజు టాంకు పొర్లినా ఉలుకూ పలుకూ లేదు. నేను నిట్టూరిస్తే, పిల్ల మాత్రం బ్యాటరీ మార్చి చూసింది, అతుకులు చూసింది, చివరికి తీగలు పైకి లాగింది. పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"ఓసి, ఇంతేనా!" అని గుప్పెడు చింతపండు నానబెట్టి ఇచ్చాను. రాగి చెంబులు తోమే చేతులు కదండీ మనవి! తీగలు తళతళలాడాయి, అలారం మోగింది. పిల్ల అంతటితో ఊరుకోలేదు. కరెంటు పారుతుంటే రాగి మళ్లీ చెడుతుందని, పాత స్టీలు చెంచాలు రెండు అడిగి తీసుకుంది. ఇప్పుడు తీగల బదులు ఆ చెంచాలే టాంకులో వేలాడుతున్నాయి.

మార్కులు పోతాయేమోనన్న బెంగ నాకు పూర్తిగా పోలేదు. కానీ ఒక వస్తువు పనిచేయకపోతే ఏడవకుండా, ఒక్కొక్కటే చూసుకుంటూ తప్పెక్కడుందో పట్టుకోవడం ఏ గైడు చదివితే వస్తుంది?

మొన్న కుక్కరు పిడి వదులైంది. అలవాటు ప్రకారం మావారిని పిలవబోయి ఆగాను. సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసి నేనే బిగించుకున్నాను. అర నిమిషం పని!

మీ అమ్మాయి కూడా ఎప్పుడైనా ఏదో ఒకటి విప్పుతూ కనబడితే, "నీకెందుకే" అనకండి. పక్కన కూర్చుని, ఊడిన స్క్రూలు పోకుండా ఒక గిన్నె అందివ్వండి, చాలు.