కామ్రేడ్స్ పరుగు

పెద్దపల్లి నుండి కరీంనగరం వెళ్ళి, తిరిగి పెద్దపల్లి చేరి, మళ్ళీ వెనుదిరిగి సుల్తానాబాదు దాకా పోతే ఎంత దూరమో, సుమారుగా అంత దూరం, అంటే 87 కిలోమీటర్లు, ఒక్క పగటిలో పరుగెత్తే పందెం దక్షిణాఫ్రికాలో ఉన్నది. దాని పేరు కామ్రేడ్స్ మారథాన్. అక్కడి గనులలో ఇంజనీరుగా పనిచేసే నా పూర్వవిద్యార్థి ఒకడు "సార్, నేను ఉరుకుతున్న, మీరు జూడాలె" అని పట్టుబట్టడం వలన 2019 జూన్ 9 నాడు దానిని కళ్ళారా చూశాను.

మొదటి ప్రపంచయుద్ధంలో అసువులు బాసిన సహచర సైనికుల స్మృతికై విక్ క్లాఫమ్ అనే ఆయన 1921 మే 24న ఈ పందెం ఆరంభించాడు. తొలి యేడు బయలుదేరినవారు 34 మంది, గమ్యం చేరినవారు 16 మంది. సాగరతీరాన ఉన్న డర్బన్‌కూ, ఎగువనున్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కూ నడుమ ఈ పరుగు సాగుతుంది. సాధారణంగా ఒక యేడు ఎగువకు, మరుసటి యేడు దిగువకు. నేను చూసినది ఎగువ పరుగు.

తెల్లవారుజామున 5:30కి డర్బన్ నగర సభాభవనం ముందు రికార్డులో కోడి కూసింది, తుపాకి పేలింది, వేలాది జనం కదిలారు. మేము కారులో ముందుగా పోయి సగం దారిలో ఇంచాంగా కొండ దగ్గర నిలిచాము. దారి పొడవునా బల్లలపై నీళ్ళ పొట్లాలు, ఉప్పు అద్దిన ఉడికిన ఆలుగడ్డలు. మావాడు కుంటుతూ వచ్చి, రెండు ఆలుగడ్డలు నోట వేసుకొని, మాట్లాడకుండానే సాగిపోయాడు.

ఆ దారి మనవారికి కొత్తది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ తొలి ఒప్పంద కూలీలను డర్బన్‌లో దించింది. ఆ తరువాతి యేండ్లలో చెరకు తోటలకు వచ్చిన తెలుగువారు ఎందరో. వారి సంతతివారే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొన్నారు. అయితే 1975 వరకు ఈ పందెం తెల్లజాతి పురుషులకే పరిమితం. 1923లో ఫ్రాన్సెస్ హేవార్డ్ అనే స్త్రీ, 1935లో రాబర్ట్ ఎంట్షాలి అనే నల్లజాతీయుడు అనధికారికంగానే పరుగెత్తి గమ్యం చేరారు. వారిని పందెగాళ్ళుగా లెక్కించలేదు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ అంటే 1893 జూన్ 7 రాత్రి గాంధీజీని రైలు నుండి దించివేసిన ఊరే. పందేనికి రెండు రోజుల ముందు ఆ స్టేషనును దర్శించుకొన్నాము.

పరుగు ముగిసే చోటు స్కాట్స్‌విల్ గుర్రపు పందేల మైదానం. గడువు సరిగ్గా పన్నెండు గంటలు. సాయంత్రం 5:30 సమీపించగానే ఒక అధికారి వచ్చేవారికి వీపు తిప్పి, తుపాకి పైకెత్తి నిలబడ్డాడు. అది పేలగానే గీతకు అడ్డుగా మనుషులు నిలిచారు. మావాడు మరి రెండు నిమిషాలకు వచ్చాడు. పన్నెండు గంటల శ్రమకు లెక్క లేదు, పతకం లేదు. నాకు కోపమే వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. పదవ తరగతి జవాబుపత్రాలు దిద్దే రోజుల్లో మాకు విద్యార్థి పేరు, ఊరు కనబడేవి కావు, సంకేతసంఖ్య మాత్రమే ఉండేది. 34 మార్కుల పత్రం చేతబట్టుకొని బాధపడిన సాయంత్రాలున్నాయి. అయినా పేరు కనబడితే బాగుండునని ఏనాడూ అనుకోలేదు, కనబడితే ఎవరికి మేలు జరిగేదో తెలుసు గనుక. 1975కు ముందరి నియమం మనిషి ముఖం చూసి గీత గీసింది. వీపు తిప్పిన ఈ అధికారి ముఖం చూడడు. నిజమే, వాచిన పాదాలనూ చూడడు. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను వీపునే ఎంచుకొంటాను, బాధతోనే.

కరోనా వలన 2020, 2021లలో ఆ పందెం జరుగలేదు. 2022 ఆగస్టు 28 నాటి దిగువ పరుగులో మావాడు గడువులోపల చేరి, విక్ క్లాఫమ్ పేరిట ఇచ్చే రాగిపతకం పొందాడు. ఆ రాత్రే ఫోను చేశాడు. "సార్, తుపాకి పేలినప్పుడు నేను గీత లోపల్నే ఉన్న. బయట ఆగిపోయినోళ్ళను జూస్తె ఏడుపొచ్చింది" అన్నాడు.